ఆన్ ఫ్రాంక్ ఆశను మనం చదివిన తీరు

ఆన్ ఫ్రాంక్ పేరు మన పిల్లలకు రెండు చోట్ల తగులుతుంది. ఒకటి పాఠ్యపుస్తకం. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి ఇంగ్లీషు వాచకం 'ఫస్ట్ ఫ్లైట్'లో ఆమె డైరీలోంచి తీసిన పాఠం ఉంది. తరగతిలో నోరు మూయని పిల్ల చేత లెక్కల మాస్టారు కీసింగ్ గారు శిక్షగా వ్యాసాలు రాయించడం, మూడోసారికి ఆ పిల్ల బాతుల మీద సరదా పద్యం రాసి మాస్టారినే నవ్వించడం అందులో కథ. పిల్లలకు బాగా నచ్చుతుంది. రెండోది బడి గోడ. ఇంత జరిగినా మనుషులు లోపల మంచివాళ్ళేనని ఆమె అన్న మాటను చార్టు మీద స్కెచ్ పెన్నుతో రాసి, చుట్టూ పూలు వేసి అంటిస్తాం.

మొదటిది 1942 జూన్ నాటి రాత. అప్పటికి ఆమె ఇంకా బడికి వెళ్తోంది. రెండోది 1944 జూలై 15 నాటిది. ఈ రెండింటి మధ్య రెండేళ్ళ అజ్ఞాతవాసం ఉంది. అసలు డైరీ అదే. దాన్ని వదిలేసి, ఆ చివర అల్లరిని, ఈ చివర ఆశను పట్టుకుని మేము ఏళ్ళ తరబడి పాఠం చెప్పాం.

కొన్నేళ్ళ కిందట మా పిల్లలకు 'ఆశావాదం' మీద వ్యాసరచన పెట్టాం. ఆన్ మాట రాసినవాళ్ళందరికీ మంచి మార్కులు పడ్డాయి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె మాత్రం, ఆ మాట రాసిన పిల్లను తర్వాత పట్టుకుపోయి చంపేశారు కదా, మరి ఆమె నమ్మింది తప్పే కదా అని రాసింది. విషయం వదిలి పక్కకు పోయిందని ఎర్రసిరాతో గీత కొట్టి 20కి 7 వేశాం. ఇప్పుడు ఆ పేపరు దిద్దమంటే మా చెయ్యి ఆడదు. ఈ వ్యాసం ఆ అమ్మాయికి మేము బాకీపడ్డ జవాబు.

పుస్తకం మొత్తం చదవడం కడియంలో జరిగింది. అక్కడి నర్సరీల్లో పనికి మన్యం నుంచి దిగివచ్చిన కుర్రాళ్ళు, దగ్గర్లో ఉండి చదువుకుంటున్న పిల్లలు కొందరు ఆదివారాలు కూడేవారు. ఇంగ్లీషు పుస్తకం మా చేతిలో, చెప్పుకోవడం తెలుగులో, ముడి పడితే విప్పుకోవడం కోయలో. యుద్ధం అంటే ఎక్కడో సీమలో జరిగిందని వాళ్ళ అనుకోలు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు వేశాయని చెబితే సర్దుకుని కూర్చున్నారు. ఆ తర్వాత సరిగ్గా మూడు నెలలకు, జూలై 6న, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫ్రాంక్ కుటుంబం ఇల్లు వదిలి తండ్రి ఆఫీసు వెనక భాగంలో దాక్కుంది. యూదులను పట్టి రైళ్ళలో శిబిరాలకు తోలుతున్న రోజులవి. అంతకు ముందు రోజే పెద్దకూతురు మార్గొట్‌కు రమ్మని తాఖీదు వచ్చింది. ఆన్‌కు అప్పటికి 13 ఏళ్ళు నిండి నెల కాలేదు. వాళ్ళు నలుగురు, తర్వాత వచ్చినవాళ్ళు నలుగురు, మొత్తం ఎనిమిది మంది 25 నెలలు ఆ గదుల్లో ఉన్నారు. పగలు కింద పనివాళ్ళు ఉన్నంతసేపూ అడుగు చప్పుడు కాకూడదు. మీప్ గీస్, బెప్ వోస్కుయిల్, క్లైమన్, కుగ్లర్ అనే ఆఫీసు మనుషులు తిండీ పుస్తకాలూ తెచ్చి ఇచ్చేవారు.

ఇక ఆ గోడమీది వాక్యం. అది ఎక్కడ ఉందో చూస్తే మాకే ఆశ్చర్యం వేసింది. జూలై 15 రాత చాలా పొడవు. నేటి ఆడపిల్లల గురించి ఎవరో రాసిన పుస్తకం చదివి ఆమె మొదలుపెడుతుంది. తన తప్పులు తాను ఎంచుకుంటుంది, తండ్రి తనను అర్థం చేసుకోలేదంటుంది, పీటర్ గురించి కొంచెం కటువుగానే మాట్లాడుతుంది. తర్వాత ఒక ప్రశ్న దగ్గరికి వస్తుంది. ఈ దాగుడు బతుకులో ఎవరికి ఎక్కువ కష్టం, పెద్దవాళ్ళకా, పిల్లలకా? పెద్దవాళ్ళకు కాదు అంటుంది. వాళ్ళకు అభిప్రాయాలు ఏనాడో గట్టిపడ్డాయి, పిల్లలకు ఇంకా గట్టిపడలేదు, అన్నీ కూలుతున్న కాలంలో నమ్మకాలు కట్టుకోవాల్సి రావడం వాళ్ళకు రెట్టింపు కష్టం అని ఆమె వాదన. తన ఆశయాలు ఇప్పుడు పిచ్చివిగా, పనికిరానివిగా కనిపిస్తున్నాయని కూడా ఒప్పుకుంటుంది. అయినా వాటిని వదల్లేదు, ఎందుకంటే అని చెబుతూ ఆ మాట అంటుంది. వెంటనే తర్వాత, లోకం మెల్లగా పాడుపడిపోతున్నట్టు, తమనూ చంపే ఉరుము దగ్గరవుతున్నట్టు, లక్షల మంది బాధ తనకు తెలుస్తున్నట్టు రాస్తుంది. ఆ తర్వాత తలెత్తి ఆకాశం చూస్తుంది. మళ్ళీ మంచి జరుగుతుందని అనిపిస్తుంది.

అంటే అది ముందొక సందేహం, వెనకొక భయం ఉన్న మాట. అటూ ఇటూ కోసేసి నడిమి ముక్క చార్టు కెక్కించాం.

మేము తప్పు చదివిన దానికి ఒక సాక్ష్యం ఆమే ఇచ్చింది. అదే ఏడాది మే 3న, యుద్ధాలకు పెద్దపెద్ద నాయకులే కారణమని తాను అనుకోనని, మామూలు మనిషికీ అందులో పాలుందని, చంపాలనీ నాశనం చెయ్యాలనీ ఉండే కోరిక మనుషుల్లోనే ఉందని రాసింది. మే 22న, డచ్చివాళ్ళలోనూ యూదుల మీద ద్వేషం పెరుగుతోందని విని మనసు విరిగినట్టు రాసింది. మనుషులు చెడ్డవాళ్ళు కాగలరని తెలియక ఆమె మంచివాళ్ళంటున్నది కాదు. తెలిసి, అయినా అంటోంది. ఒక రోజు ఇటు, ఒక రోజు అటు. ఎటూ తేలకముందే, ఆగస్టు 4న పోలీసులు వచ్చారు. ఆ అమ్మాయి పేపరులో అడిగింది దీన్నే. ఆ మాట తప్పా ఒప్పా అనేది ఆన్‌కే తేలలేదు. మేము 20 మార్కులకు తేల్చేశాం.

ఇంకో సంగతి మాకు చాలా ముఖ్యంగా తోచింది. 1944 మార్చి 28న లండన్ నుంచి వచ్చే డచ్చి రేడియోలో బోల్కెస్టైన్ అనే మంత్రి, ఈ కాలంలో జనం రాసుకున్న డైరీలు, ఉత్తరాలు దాచాలని, యుద్ధం అయ్యాక వాటిని సేకరిస్తామని చెప్పాడు. అది విన్నాక ఆన్ తన డైరీని పుస్తకం చెయ్యాలనుకుంది. మే 20 నుంచి విడి కాగితాల మీద మొత్తం తిరగరాయడం మొదలుపెట్టింది. కొన్ని కొట్టేసింది, కొన్ని కలిపింది, మనుషుల పేర్లు మార్చింది. ఆ తిరగరాత 1944 మార్చి 29 నాటి రాత దాకా వచ్చి ఆగిపోయింది. అంటే జూలై 15 నాటి ఆ ప్రసిద్ధ వాక్యం ఆమె రెండోసారి చూసుకోనిది. చూసుకుని ఉంటే ఉంచేదో, కొట్టేసేదో, దాని పక్కన ఇంకేం రాసేదో. లోకం అంతా ఆమె తుదిమాటగా పట్టుకున్నది ఒక చిత్తుప్రతిలోని వాక్యం.

దాన్ని తుదిమాటగా చేసింది నాటకం. గుడ్రిచ్, హాకెట్ దంపతులు రాసిన నాటకం 1955లో న్యూయార్కులో ఆడింది, పులిట్జర్ బహుమతి కూడా అందుకుంది. పట్టుకుపోవడం అంతా అయ్యాక ఆన్ గొంతులో ఆ వాక్యం వినిపించి తెర దింపుతారు. చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకుని ఊరటతో ఇంటికి పోతారు. ఆ గొంతుగల పిల్ల వెస్టర్‌బోర్క్ మీదుగా ఆష్విట్జ్‌కూ, అక్కణ్ణుంచి బెర్గెన్‌-బెల్సెన్‌కూ పోయి 1945 మొదట్లో జబ్బుతో, ఆకలితో అక్క వెంటే చచ్చిపోయింది. నెదర్లాండ్స్ నుంచి తరలించిన యూదులు దాదాపు 1,07,000 మంది. తిరిగి వచ్చినవాళ్ళు సుమారు 5,000. ఎనిమిది మందిలో తండ్రి ఒట్టో ఒక్కడే మిగిలాడు. మీప్ గీస్ దాచి ఉంచిన కాగితాలను 1947లో పుస్తకంగా తెచ్చింది ఆయనే.

ఆ నాటకం మరో పని చేసింది. డైరీలో ఏప్రిల్ 11 నాటి రాతలో ఆన్ తాము యూదులమని, ఎందుకు తమనే ఇలా వేరు చేశారని గట్టిగా అడుగుతుంది. నాటకంలో ఆమె చేత, బాధలు మన ఒక్కరికే కాదు, ఒకప్పుడు ఒక జాతికి, ఇంకొకప్పుడు ఇంకో జాతికి వస్తుంటాయనే ధోరణిలో మాట్లాడించారు. అందరికీ వర్తించాలని అలా మార్చి ఉంటారు. అందరిదీ అయ్యేసరికి అది ఎవరిదో పేరు పోయింది.

ఆ పేజీ దగ్గర మా కూర్చునే చోట మాట రంప వైపు మళ్ళింది. మళ్ళించింది మేము కాదు, పిల్లలే. మన బాధ, యూదుల బాధ ఒకటేనని మేము అనడం లేదు. ఒక జాతిని మొత్తంగా తుడిచెయ్యడానికి ఫ్యాక్టరీ పెట్టినట్టు శిబిరాలు పెట్టిన సంగతి దేనితోనూ పోల్చడానికి లేదు. కానీ పేరు పోవడం మనకు తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయింది మొదలు, 1924 మే 7న అల్లూరి సీతారామరాజును చంపేదాకా, మన మనుషులు ఆ కొండల్లో దాగి తిరిగారు. అడవి చట్టాలు పోడును ఆపాయి. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వెయ్యడానికి బాస్టియన్ అనే అధికారి మన్యం వాళ్ళ చేత సరైన కూలి లేకుండా పని చేయించాడు. అక్కడ రాజుకుంది. మలబారు పోలీసుల్ని, అస్సాం రైఫిల్స్‌ని దింపారు. రాత్రిళ్ళు కొండ మీదికి అంబలి పట్టుకుపోయిన ఆడవాళ్ళు ఉండే ఉంటారు, మీప్ గీస్‌లా. వాళ్ళ పేర్లు ఏవి? 1974 సినిమాలో సీతారామరాజు నిండుగా కనిపిస్తాడు. మన వాళ్ళు ఎక్కువగా గుంపులో కనిపిస్తారు. గాం మల్లు దొర అండమాన్ శిక్ష అనుభవించి తిరిగివచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికైనవాడు. ఆయన పేరు చెబితే ఆ కుర్రాళ్ళలో ఇద్దరికి మాత్రమే తెలుసు.

వెతికేవాడు రాసిన కాగితాలు భద్రంగా ఉన్నాయి. దాగినవాడి రాతలు మన చేతుల్లో లేవు. ఏ రాత్రి ఏం తిన్నారో, ఎవరి మీద విసుక్కున్నారో, పొద్దున ఏం ఆశపడ్డారో మనకు తెలియదు. ఆన్ డైరీలో మమ్మల్ని ఎక్కువ పట్టింది ఇవే. అమ్మ మీద కోపం, మరుగుదొడ్డి బాధ, ఉర్లగడ్డల విసుగు, పీటర్ మీద ఇష్టం, ఆ ఇష్టం తగ్గడం. తండ్రి మొదటి అచ్చులో కొన్ని తీసేశాడు, తల్లిని అన్న మాటలు కూడా. 1986లో మరింత సమగ్రమైన పాఠం వచ్చాక వాటిలో చాలావరకు కలిసి వచ్చాయి. ఉపాధ్యాయులకు ఒక మాట ఇక్కడే చెప్పాలి. హాస్టలు పిల్లల చేత డైరీ రాయించడం మంచిదని మనం చేయిస్తాం, ప్రతి శనివారం తెప్పించుకుని సంతకం పెడతాం. సంతకం పడే డైరీలో ఏ పిల్లా నిజం రాయదు. పొద్దున లేచితిని, పళ్ళు తోముకొంటిని అని రాస్తుంది.

భాష సంగతి కూడా. ఆన్ పుట్టింది జర్మనీలో. నాలుగేళ్ళ వయసులో ఆమ్‌స్టర్‌డామ్ వచ్చి బడిలో నేర్చుకున్న డచ్చిలో డైరీ రాసింది. ఇంటి భాష కాదు, బడి భాష. ఇంట్లో కోయ, కువి మాట్లాడి తెలుగులో రాసే మన పిల్లలకు ఇది చెబితే ముఖాలు విప్పారాయి. ఇంటి భాషలో రాయకూడదని మా ఉద్దేశం కాదు. లిపి కుదిరితే రాయాలి. కానీ తెలుగు తప్పులుపోతుందేమోనన్న జంకుతో కలం పక్కన పెట్టేవాళ్ళకు ఆ సంగతి పనికొచ్చింది.

ఆశ విషయానికొస్తే, మాకు ఆమె ఆశ మనుషుల గురించి అన్న ఆ మాటలో కంటే ఆమె చేసిన పనుల్లో ఎక్కువ కనిపించింది. దాగి ఉండి పోస్టు ద్వారా షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నారు, బెప్ పేరు మీద తెప్పించుకుని. ఫ్రెంచి క్రియలు వల్లించింది, రాజవంశాల పట్టీలు రాసుకుంది, విలేకరి కావాలనుకుంది. పై అటక కిటికీలోంచి పెరట్లోని చెస్ట్‌నట్ చెట్టు కనిపించేది. ఫిబ్రవరిలో మోడుగా, మేలో నిండా పూసి, దాని గురించి మూడుసార్లు రాసింది. ఆ చెట్టు 2010 ఆగస్టులో గాలివానకు పడిపోయింది. అంతకు ముందే దాని గింజల నుంచి మొక్కలు పెంచి వేరే దేశాలకు పంపారు. ఇది చెప్పగానే అంటుమొక్కల పని చేసే కుర్రాడికి హుషారొచ్చింది. "మన కడియంలో బతుకుద్దా మాస్టారూ?" అన్నాడు. అది చలిదేశపు చెట్టు, మన ఎండకు ఆగదన్నాం. "నీడవల కింద పెట్టి చూడొచ్చండి," అన్నాడు. వదిలిపెట్టలేదు.

చివరి ఆదివారం 1944 జూలై 21 రాత చదివాం. హిట్లర్ మీద హత్యాయత్నం జరిగిందని రేడియోలో విని ఆమె ఉబ్బితబ్బిబ్బయింది. అక్టోబరులో మళ్ళీ బడి బెంచీ మీద కూర్చోవచ్చన్న తలపుకే తర్కం మరిచిపోయానంటుంది. ఇంకో రెండు వారాలకు పోలీసులు వస్తారని మాకు తెలుసు, ఆమెకు తెలియదు. మేము కొంచెంసేపు ఆగాం. మొక్కల కుర్రాడు, తొమ్మిదిలో బడి మానేసినవాడు, ఏ క్లాసులో చేరేదని అడిగాడు. రెండేళ్ళు పోయాయి కాబట్టి తనకంటే చిన్నవాళ్ళతో కూర్చోవాల్సి రావచ్చు, ఆ భయం ఆమెకు దాక్కున్న మొదటి నెలల్లోనే ఉండేది, అందుకే చదువు వదలలేదని చెప్పాం. "కూర్చునేదంటారా?" అన్నాడు. కూర్చునేదన్నాం. "నాకైతే సిగ్గండి," అని లేచి, మధ్యాహ్నం లోడింగు ఉందని వెళ్ళిపోయాడు.