సన్నని ఫోను, మన ఎండ, మన దుమ్ము

కొత్త ఫోను చూస్తే మనం మొదట కెమెరా ఎట్లుందని అడుగుతాం, తర్వాత ధర. ఎన్నేళ్లు వస్తుందని అడిగేవాళ్లు తక్కువ. బోరు మోటారు కొన్నా, మందు కొట్టే పంపు కొన్నా మా నాయన మొదట అడిగేది అదే. లక్ష రూపాయలు దాటిన ఫోన్లను ఆ ప్రశ్నతోనే చూద్దామని ఈ వ్యాసం రాస్తున్నాను.

2025లో పెద్ద కంపెనీలు సన్నదనం మీద పడ్డాయి. మే నెలలో శాంసంగ్ గెలాక్సీ ఎస్25 ఎడ్జ్ వచ్చింది. మందం 5.8 మిల్లీమీటర్లు, బరువు 163 గ్రాములు. సెప్టెంబరులో ఆపిల్ ఐఫోన్ ఎయిర్ వచ్చింది, 5.6 మిల్లీమీటర్లు. చూడ్డానికి రెండూ బాగున్నాయి, అందులో అబద్ధం లేదు. కానీ ఎడ్జ్‌ను అదే కంపెనీ ఎస్25 ప్లస్ పక్కన పెట్టి చూడండి. తెర రెండింటికీ 6.7 అంగుళాలే. ప్లస్ మందం 7.3 మిల్లీమీటర్లు. అంటే తేడా 1.5 మిల్లీమీటర్లు, దాదాపు ఒక రూపాయి బిళ్ల మందం. ఆ బిళ్లంత తగ్గించడానికి బ్యాటరీ 4,900 నుంచి 3,900 మిల్లీ ఆంపియర్ అవర్‌కు దిగింది, దూరాన్ని దగ్గర చేసి చూపే కెమెరా పోయింది. ధర మాత్రం 99,999 నుంచి 1,09,999కి పెరిగింది. తక్కువ ఇచ్చి ఎక్కువ దుడ్డు అడగడం నాకు న్యాయంగా తోచలేదు. ఎయిర్‌లోనూ వెనక కెమెరా ఒక్కటే.

సన్నగా ఉంటే వంగిపోతుందని చాలామంది అనుకుంటారు. 2014లో ఐఫోన్ 6 ప్లస్ జేబులో వంగుతోందని పెద్ద గొడవ జరిగింది. దాని మందం 7.1 మిల్లీమీటర్లు, ఒళ్లు అల్యూమినియం. ఎయిర్ దానికంటే సన్నం, అయినా చట్రం టైటానియం కాబట్టి వంచి చూసిన పరీక్షల్లో గట్టిగానే నిలబడింది. ఈ మెచ్చుకోలు దానికి దక్కాల్సిందే.

అట్లయితే ఆపిల్ తన ఖరీదైన ఐఫోన్ 17 ప్రోకు టైటానియం వదిలి మళ్లీ అల్యూమినియం ఎందుకు పెట్టింది? 2023లో 15 ప్రోకు టైటానియం తెచ్చి గొప్పగా చెప్పుకున్నది వాళ్లే. కారణం వేడి. టైటానియం గట్టిదే కానీ వేడిని త్వరగా బయటికి పోనివ్వదు. అల్యూమినియం పోనిస్తుంది. మన వంటపాత్రలు చూస్తే ఇది అర్థమవుతుంది. దీనికీ ఒక నష్టం ఉంది. అల్యూమినియం మీద రంగు పట్టించే గట్టి పొర చాలా పలచన. కెమెరా గడ్డ చుట్టూ ఉండే పదునైన అంచుల దగ్గర అది సరిగ్గా నిలవక, తాళంచెవి తగిలితే గీత పడుతుంది. మెరుపు పోతుందని కొందరు బాధపడ్డారు. నాకైతే గీత పడినా ఫరవాలేదు, చల్లగా ఉంటే చాలు. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆ కంపెనీయే చెబుతుంది. ఏప్రిల్‌లో మన పావగడ తాలూకాలో మధ్యాహ్నం 35 డిగ్రీలు ఎప్పుడుంటుంది? ఏ ఎండను చూసి తిరుమణి చుట్టూ 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టారో, ఆ ఎండే మన జేబులో ఫోను మీదా పడుతుంది. లిథియం బ్యాటరీకి వేడి కంటే పెద్ద శత్రువు లేదు.

రెండో శత్రువు దుమ్ము. మన చుట్టూ ఉన్నవి నల్లరాతి గుట్టలు. ఆ రాయి అరిగి మట్టి అయినప్పుడు అందులో క్వార్ట్జ్ రేణువులు మిగులుతాయి. గట్టిదనం కొలిచే మోస్ కొలమానంలో క్వార్ట్జ్‌ది 7. ఫోను గాజు మీద 6 దగ్గరే గీతలు మొదలవుతాయి. శెనక్కాయ చేలో పని చేసి జేబులో ఫోను పెట్టుకుంటే, ఏ పేరున్న గాజైనా గీసుకుపోతుంది. ముందు గాజు తప్పదు, వెనక కూడా గాజెందుకు? వైరు లేకుండా ఛార్జింగ్ ఎక్కాలంటే లోహపు వీపు అడ్డు కాబట్టి. ఆ ఛార్జరు మన ఊళ్లో ఎంతమంది ఇళ్లలో ఉంది? కొన్న రోజే అందరూ రబ్బరు కవరు తొడుగుతారు. పట్టుచీర కట్టి పైన గోనెసంచి కప్పినట్టు! ఇక సన్నదనం ఎవరు చూస్తారు?

నీళ్లను తట్టుకోవడం మంచి గుణమే. ఐపీ68 అంటే మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీళ్లకు. కానీ ఆ పరీక్ష మంచినీళ్లలో చేస్తారు, నీళ్లు పోయి చెడిపోతే వారంటీ వర్తించదు. పైగా నీళ్లు పోకుండా అంతా జిగురుతో అంటిస్తారు కాబట్టి విప్పడం కష్టం. మా అవ్వ దగ్గర ఇప్పటికీ నోకియా 1100 ఉంది. 2003లో వచ్చిన ఫోను. దుమ్ము పోకుండా బటన్ల మీద ఒకే రబ్బరు పొర, చెమట చేతికి జారని పక్కలు, టార్చి, గోటితో తీసే బ్యాటరీ. మనలాంటి ఊళ్లను తలుచుకుని చేసినట్టుంటుంది. అందులో పాఠం వీడియో చూడలేం, నిజమే. కానీ ఆ ఆలోచన లక్ష రూపాయల ఫోనులో ఎందుకు ఉండకూడదు?

శాంసంగ్ తన ఎస్25 ఫోన్లకు 7 ఏళ్లు సాఫ్ట్‌వేర్ ఇస్తామంటోంది. మరి బ్యాటరీ? 2025 జూన్ 20 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఒక నియమం ఉంది: 800 సార్లు పూర్తిగా ఛార్జి చేశాక కూడా బ్యాటరీలో 80 శాతం శక్తి మిగలాలి. రోజుకొకసారి లెక్కేస్తే 800 అంటే రెండేళ్లు దాటి కొన్ని నెలలు. చిన్న బ్యాటరీని రోజుకు ఒకటిన్నర సార్లు ఎక్కిస్తే ఏడాదిన్నరకే ఆ లెక్క అయిపోతుంది.

బెంగళూరులో పని చేసే మా పెద్దనాన్న కొడుకు 1,19,900 పెట్టి ఎయిర్ కొనాలని, 24 నెలల కంతు కట్టాలని అనుకుంటున్నాడు. కంతులు తీరకముందే బ్యాటరీ నీరసపడుతుందని నా భయం. అంత దుడ్డు పెట్టేవాడికి 82,900 రూపాయల మామూలు ఐఫోన్ 17 చాలని నా అభిప్రాయం. అన్న ఒప్పుకోలేదు, ఎయిర్ చేతిలో పట్టుకుంటే ఆ సుఖమే వేరంటాడు. సరే, బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుందో, ఎన్ని రోజులు పడుతుందో కొనకముందే అంగట్లో అడగమన్నాను. ఊళ్లో ఉన్నప్పుడు చెడిపోతే సర్వీసు సెంటరుకు పోయే బస్సు ఛార్జీ, ఒక రోజు పని కూడా ఆ లెక్కలో వేసుకోమన్నాను.