నవ్వు ఎవరి పక్షం?

హాస్యం శృంగారం నుంచి పుడుతుందని భరతుడు చెప్పాడు. ‘జెయంట్స్: సిటిజన్ కబూటో’ అనే కంప్యూటరు ఆటలో మాత్రం అది భయానకం నుంచి పుట్టింది. 2000 డిసెంబరులో యింటర్‌ప్లే సంస్థ విడుదల చేసిన యీ ఆటను విమర్శకులు మెచ్చుకున్నారు గాని, కొనేవాళ్లు అంతగా పట్టించుకోలేదు. కాలక్షేపపు సరుకును గురించి మనకెందుకని కొందరు అడగవచ్చు. లక్షలాది యువకులు తమ తీరికనంతా ధారపోస్తున్న కళారూపాన్ని కన్నెత్తి చూడకుండానే మత్తుమందని కొట్టిపారెయ్యడం విమర్శ కాదు. నవ్వు వచ్చినప్పుడు అది ఎవరిని చూసి వచ్చింది, ఎవరి పక్కన నిలబడి నవ్వాం అని అడగటం మన పని.

దీన్ని తయారుచేసింది కాలిఫోర్నియాలోని ప్లానెట్ మూన్ అనే చిన్న సంస్థ. అందులో నిక్ బ్రూటీ మొదలైన ముఖ్యులు అంతకుముందు షైనీ సంస్థలో 1997 నాటి ‘ఎం.డి.కె.’ అనే ఆటకు పనిచేసినవారు. అదీ నవ్వించే ఆటే.

కథానాయకులు లోకోద్ధరణకు బయల్దేరిన వీరులు కారు. బాజ్, గోర్డో, బెనెట్, టెల్, రెగ్ అనే అయిదుగురు మిత్రులు మజోర్కా అనే గ్రహంలో సెలవులు గడుపుదామని పోతూ దారిలో చిక్కుపడతారు. మజోర్కా నిజానికి స్పెయిన్ దేశపు దీవి. బ్రిటన్‌లోని సామాన్య సంసారులు చవక ప్రయాణాల్లో నాలుగు రోజుల ఎండకోసం పోయే చోటు. అంతరిక్షం దాటి పోయేది అక్కడికే! మానవజాతి భవిష్యత్తు మీద గంభీరోపన్యాసాలు చేసే వైజ్ఞానిక కల్పనలన్నిటినీ యీ వొక్క పేరు ఎగతాళి చేస్తుంది.

వాళ్లు చిక్కుకున్నది శూన్యంలో తేలిపోతూండే వొక దీవి. అక్కడ సీ రీపర్లనే సముద్రజాతి రాణి సాఫో ఏలుతున్నది. పెద్ద తల, పిడికెడు వొళ్లు గల స్మార్టీలు ఆమె కింద నలుగుతున్నారు. ఆ సముద్రజాతివాళ్లు తమ కాపలాకోసం సృష్టించుకున్న కబూటో అనే మహాకాయం అదుపుతప్పి, దొరికినవాణ్ణల్లా మింగుతున్నది. దానికే శీర్షికలో ‘పౌరుడు’ అని బిరుదు! స్మార్టీల నాయకుడి పేరు బోర్జోయ్‌జీ. బూర్జువా వర్గం పేరును వంకర తిప్పి పెట్టిన పేరిది. పేరు పెట్టినవాళ్ల రాజకీయాలు ఎలాంటివైనా కథ మాత్రం దారి తప్పలేదు. రాణి చివరికి ఆ బోర్జోయ్‌జీనే బలియిచ్చి కబూటోను పిలుస్తుంది. వచ్చిన కబూటో రాణినే మింగుతుంది.

ఇంతవరకూ యిది వొక మంచి ప్రహసనం. దీన్ని ప్రహసనానికి మించిన వస్తువుగా చేసింది దీని నిర్మాణం. ఆడేవాడు మొదటి భాగంలో బాజ్. వీపుకు కట్టుకున్న జెట్ యంత్రంతో ఎగిరే, తుపాకీ పట్టిన చిన్నవాడు. రెండో భాగంలో రాణి కూతురు డెల్ఫీ; తల్లి మీద తిరగబడ్డ మంత్రగత్తె. మూడో భాగంలో ఆడేవాడే కబూటో. మొదట నేలమీద నిలబడి తల ఎత్తి చూసిన ఆకారంలో నుంచి యిప్పుడు నేలకేసి చూడాలి. అంతకుముందు కొండలుగా కనిపించినవి యిప్పుడు గుట్టలు. స్మార్టీ రాక్షసి నోట్లో పడితే భయమూ నవ్వూ కలిసి వచ్చేవి. యిప్పుడా నోరు మనదే. బలం పెరగాలన్నా, తోడుగా పిల్లజంతువులను పుట్టించుకోవాలన్నా తినాలి. నిన్నటిదాకా పేరుపెట్టి పిలిచి, కాపాడి, వెంట తిప్పుకున్న జాతి యివాళ మేత. పైగా, రెండో భాగమంతా మనమై నడిచిన డెల్ఫీని చివరికి మనమే చంపాలి. మనం చంపుతాం, నవ్వుతూనే. నవలాకారుడు యింత దూరం తీసుకుపోలేడని కాదు. కాని నవల చదివేవాడు పీడకుణ్ణి అర్థం చేసుకుంటాడేగాని, వాడి ఆకలి తీర్చడానికి తన చేతివేళ్లు కదపడు. ఆటకున్న యీ శక్తిని యింత చులాగ్గా వాడిన రచన అరుదు. విచారమేమిటంటే మూడు భాగాల్లోనూ కబూటో భాగమే పొట్టిది. అన్నిటికంటే గొప్ప ఊహకు అన్నిటికంటే తక్కువ చోటు దక్కింది.

ఇది మరుగున పడటానికి కారణాలు వెతకనక్కరలేదు. తుపాకులాటా, స్థావరాలు కట్టే వ్యూహపుటాటా, హాస్యనాటికా తేలక అంగడివాడు ఏ అరలో పెట్టాలో తెలియని సరుకు. అప్పటి మామూలు కంప్యూటర్లు దీని బరువు మొయ్యలేకపోయాయి. ఘట్టం మధ్యలో ఆపి, మళ్లీ అక్కణ్ణుంచి మొదలుపెట్టే వీలుండేది కాదు. వ్యాపారం చేసిన సవరణ యింకా విచిత్రం. పదమూడేళ్లు నిండినవారికి తగినదన్న ముద్ర కోసం ఎర్రని నెత్తురును ఆకుపచ్చ చేశారు, డెల్ఫీ వొంటిమీద గుడ్డముక్క కప్పారు. నెత్తురు రంగు మారింది గాని చంపడం తగ్గలేదు. ఆడదాన్ని చూసే చూపూ మారలేదు. ఈ సంస్థే 2003లో ‘ఆర్మ్‌డ్ అండ్ డేంజరస్’ అనే మరో ఆటలో, పేల్చితే నేలలో సొరచేప యీదుకుంటూ పోయి శత్రువును కొరికే తుపాకీని సృష్టించింది. 2011లో మూతపడింది.

ఐతే అసలు లోపం వ్యాపారానిది కాదు, చూపుది. స్మార్టీలు నవ్వు పుట్టించడానికే ఉన్నారు: తిండిపోతులు, పిరికివాళ్లు. వింప్‌లనే పశువులను కోసి మాంసం పెడితేనే వాళ్లు మిత్రులకు స్థావరాలు కడతారు. రాణి కొరడాతో చేయించుకున్న చాకిరీ విమోచకులు మాంసంతో చేయించుకుంటారు. ఈ తేడా యెంతటిదో ఆట వొక్కసారీ అడగదు. కత్తిసాము తెలిసిన యాన్ అనే స్మార్టీ వొకడున్నాడు గాని, అతని విద్య అతని జాతికి కాక రాజకుమార్తెకు పోతుంది. ఆట చివర మిగిలిన మిత్రులు టిమ్మీ అనే కుర్ర స్మార్టీని వెంటబెట్టుకుని, మొదట అనుకున్నట్టే మజోర్కాకు ఎగిరిపోతారు. మిగతా స్మార్టీలు దీవిలోనే ఉన్నారు.