అడవికి వచ్చినవాడు, అడవిలో ఉన్నవాడు

సమాజాన్ని వదిలి అడవికి వెళ్లిపోయిన యువకుడి కథ సినిమావాళ్లకు ఎప్పుడూ ఇష్టమే. చూసేవాళ్లకూ ఇష్టమే. కాని ఆ మాటలోనే ఒక మెలిక ఉంది. సమాజాన్ని వదిలి అడవికి వెళ్లాడంటే అడవిలో సమాజం లేదనే కదా అర్థం. మన గూడెంలో పెద్దమనిషి ఉన్నాడు. కొత్త పంట తినే ముందు చేసుకునే పండుగ ఉంది. తగువు తీర్చే పద్ధతి ఉంది. ఏ దుంప తినాలో, ఏది తినకూడదో చెప్పే ముసలమ్మ ఉంది. దీన్ని సమాజం అనకపోతే దేన్ని అంటాం? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని రెండు సినిమాలు చూద్దాం.

మొదటిది మన తెలుగు సినిమా ‘అల్లూరి సీతారామరాజు’. 1974 మే 1న విడుదలైంది. కృష్ణకు అది నూరవ చిత్రం. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. దర్శకుడు వి. రామచంద్రరావు చిత్రీకరణ మధ్యలోనే చనిపోతే కృష్ణ దగ్గరుండి పూర్తి చేయించాడు. చింతపల్లి అడవుల్లో తీశారు. శ్రీశ్రీ రాసిన పాటకు జాతీయ బహుమతి వచ్చింది. తెల్లదొరల దౌర్జన్యాన్ని, మన్యం కష్టాన్ని ఊరూరా తెలిసేలా చేసిన సినిమా అది. ఆ గౌరవం దానికి దక్కాలి.

అయితే ఆ కథ నడిచే తీరు చూడండి. ప్రేమించిన సీతను, ఇంటిని వదులుకున్న యువకుడు దేశమంతా తిరిగి మన్యం చేరతాడు. అక్కడి జనం అమాయకులు, భయస్తులు. ఆయన వచ్చాకే వాళ్లకు ధైర్యం వస్తుంది. తెర మీద మనవాళ్లు ఎక్కువసేపు గుంపుగానే కనబడతారు. జేజేలు కొట్టడానికి, దెబ్బలు తినడానికి, చివర్లో ఏడవడానికి ఆ గుంపు.

చరిత్ర ఇలా లేదు. సీతారామరాజు 1917 ప్రాంతంలో కృష్ణదేవిపేట చేరేనాటికే మన్యం పోరాడి ఉంది. 1879లో రంపలో ముఠాదారులు, రైతులు కలిసి లేచారు. చెట్టు కల్లు మీద పన్నుతో రాజుకున్న ఆ మంటను ఆర్పడానికి సర్కారుకు చాలాకాలం పట్టింది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడును, అడవి మీది హక్కును దెబ్బతీసింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో కూలి సరిగా ఇవ్వకుండా జనాన్ని పీల్చాడు. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ముల కోపానికి కారణాలు ఇక్కడున్నాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డప్పుడు రాజు వెంట నడిచింది అమాయకపు గుంపు కాదు. తాతల పోరాటం గుర్తున్న మనుషులు. రాజవొమ్మంగి స్టేషనులో విడిపించిన మొట్టడం వీరయ్యదొర అంతకుముందే సర్కారును ఎదిరించి పట్టుబడ్డవాడు. రెండేళ్లపాటు రాజును దాచింది, తిండి పెట్టింది, దారి చూపింది గూడేలే. ఆయన సమాజాన్ని వదిలి రాలేదు. ఒక సమాజంలోంచి ఇంకొక సమాజంలోకి వచ్చి, దానితో కలిశారు. ఆయన గొప్పతనం అదే. ఇలా చెబితే ఆ గొప్పతనం తగ్గదు, పెరుగుతుంది.

1924 మే 7న రాజును కాల్చి చంపారు. సినిమా అక్కడ ముగుస్తుంది. మనవాళ్ల కథ ముగియలేదు. గంటందొర ఆ తరువాత పోరాటంలోనే ప్రాణం విడిచారు. మల్లుదొరకు పడిన మరణశిక్షను ద్వీపాంతర శిక్షగా మార్చి అండమాన్‌కు పంపారు. ఆ మల్లుదొరే 1952లో విశాఖపట్నం నుండి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అడవి నుండి ఢిల్లీకి సాగిన ఈ ప్రయాణం మీద పెద్ద సినిమా ఎందుకు రాలేదో ఆలోచించండి.

రెండోది అమెరికా సినిమా ‘ఇంటూ ది వైల్డ్’. 2007లో షాన్ పెన్ తీశాడు. క్రిస్ మెకాండ్లెస్ అనే యువకుడి నిజ జీవితం, దాని మీద జాన్ క్రాకవర్ రాసిన పుస్తకం దీనికి ఆధారం. 1990లో డిగ్రీ పూర్తిచేసిన క్రిస్ 24 వేల డాలర్ల పొదుపును దానం చేసి, ఇంట్లో చెప్పకుండా వెళ్లిపోయాడు. 1992 ఏప్రిల్‌లో కొంచెం బియ్యం, ఒక చిన్న తుపాకీ పట్టుకుని అలాస్కా అడవిలోకి నడిచాడు. పాడుబడ్డ బస్సులో ఉన్నాడు. జూలైలో తిరిగి రాబోతే నది పొంగి ఉంది. ఆగస్టులో ఆకలితో చనిపోయాడు. వయసు 24.

సినిమా అందంగా ఉంది. డబ్బు, హోదా తప్ప మరేదీ కనిపించని బతుకు మీద ఆ కుర్రాడి విసుగు నిజమైనది. చివరికి సంతోషం పంచుకోవడంలోనే ఉందని అతను తెలుసుకున్నట్టు చూపిన ఘట్టం మనసును తాకుతుంది. అయితే అది అతబాస్కన్ ఆదివాసులు వేల ఏళ్లుగా బతికిన నేల. అతని అడవిలో వాళ్ల జాడే లేదు. వేటాడిన పెద్ద జంతువు మాంసాన్ని నిలవ చేయలేక పురుగుల పాలు చేశాడు. పుస్తకం చూసి మొక్కలు తిన్నాడు. మనవాళ్లు కొన్ని అడవి దుంపలను కోసి, నీళ్లలో ఉంచి, ఉడికించాకే తింటారు. ఆ తెలివి ఒక మనిషిది కాదు, తరాలది. నది దాటడానికి కిలోమీటరు లోపే తీగ మీద నడిచే తొట్టి ఉంది. ఆ సంగతి అతనికి తెలియదు. సరైన పటమూ లేదు, అడగడానికి మనిషీ లేడు. అతన్ని చంపింది అడవి అనడం కన్నా ఒంటరితనం అనడం సబబు.

ఈ సినిమాలు మన పిల్లలకు ఎందుకు ముఖ్యం? ఉట్నూరు నుండి, భద్రాచలం నుండి, మన్ననూరు నుండి వచ్చినవాళ్లు ఎర్రమంజిల్, అమీర్‌పేట సందుల్లో ఇరుకు గదుల్లో ఉండి కోచింగు తీసుకుంటున్నారు. ఎర్రమంజిల్ పేరుకే ఒక కథ చెబుతారు. ఎర్రగుట్ట మీద మేడ కట్టిన నవాబు ఫఖ్రుల్ ముల్క్, స్వర్గం అనే అర్థం వచ్చేలా ‘ఇరం మంజిల్’ అని పేరు పెట్టాడట. జనం నోట అది మళ్లీ ఎర్ర అనే మాటకే వచ్చింది. అడవికీ బయటివాళ్లు ఇలాగే స్వర్గమని పేరు పెడతారు. “మీది అడవా? ఎంత అదృష్టం!” అంటారు. ఆసుపత్రికి డోలీలో మోసుకెళ్లే దారి వాళ్లకు కనబడదు. క్రిస్ వదిలేయడానికి అతని దగ్గర డిగ్రీ ఉంది, పొదుపు ఉంది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన పిల్లకు వదిలేయడానికి ఏముంది? పరీక్ష పోయిన రోజున అన్నీ వదిలి వెళ్లిపోవాలనిపిస్తుంది. అప్పుడు మన పిల్లలు గుర్తుంచుకోవలసింది ఒకటే: ఊరికి వెళ్లడం పారిపోవడం కాదు, మనవాళ్ల దగ్గరికి చేరడం.

ఆ సినిమా వచ్చిన 2007లోనే, డిసెంబరు 31న, అటవీ హక్కుల చట్టం అమల్లోకి వచ్చింది. హక్కును తేల్చే పని గ్రామసభతో మొదలవ్వాలని అది చెప్పింది. అంటే అడవిలో సమాజం ఉందని చట్టమే ఒప్పుకుంది. సినిమా ఇంకా ఒప్పుకోవాలి.

టీచర్లకు ఒక మాట. ఈ సినిమాలను పిల్లలకు చూపించండి, దాచవద్దు. చూశాక మూడు ప్రశ్నలు అడగండి. తెర మీద మనవాళ్లలో ఎందరికి పేర్లున్నాయి? ఎవరు మాట్లాడారు, ఎవరు వింటూ నిలబడ్డారు? ఇదే కథను గంటందొర చెబితే ఎక్కడ మొదలుపెడతాడు? మూడో ప్రశ్నకు జవాబును పిల్లల చేతే రాయించండి.