చీకట్లో చేతికి దొరికేట్టు

అమ్మకు ఎనభై దాటాయి. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. రాత్రి రెండు మూడుసార్లు లేస్తుంది. ట్యూబ్‌లైటు వేస్తే కళ్లలో సూదులు గుచ్చినట్టుంటుందని అంటుంది. వెయ్యకపోతే గడప తట్టుకుని పడుతుందేమోనని మాకు భయం. జీరో బల్బు వెలుగు ఆవిడకు ఆనదు. ఇక ఫ్యాను సంగతి. పడుకునేటప్పుడు అయిదు మీద తిరగాలి, తెల్లవారుజామున రెండుకి తగ్గాలి. తగ్గించడానికి లేవలేక దుప్పటి ముసుగేసుకుని ముడుచుకుపోవడం ఎన్నిసార్లు చూశానో!

రెండేళ్ల కిందట డాలస్‌లో తమ్ముడింట్లో ఆరు నెలలు ఉండొచ్చింది. అక్కడ ఆవిడకు అన్నిటికన్నా నచ్చింది పడకగది గోడకున్న ఒక చిన్న పలక. ఫ్యాను కిందే దీపం, గోడ మీద పక్కపక్కనే రెండు మీటలు. ఒకటి జరిపితే గాలి తగ్గుతుంది, ఇంకొకటి జరిపితే వెలుగు తగ్గుతుంది. "ఒరేయ్, అలాంటిది మనింట్లో పెట్టించరా. నాకింకేం అక్కర్లేదు" అంది వచ్చిన మర్నాడే. తమ్ముడు ఫోన్లో, "అదెంతన్నయ్యా, ఈసారి సూట్‌కేసులో పడేసుకొస్తా" అన్నాడు. వద్దన్నాను. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 సైకిల్స్. మనది 230, 50. అక్కడి సరుకు ఇక్కడ గోడలో పెడితే ప్రమాదమే. అదీగాక అక్కడ ఫ్యానులోంచి వచ్చే తీగల్లో నల్లది ఫ్యానుకి ఫేజు, నీలం దీపానికి ఫేజు, తెల్లది న్యూట్రల్. మనకు నల్ల తీగంటే న్యూట్రల్! ఆ లెక్క తెలియకుండా రంగు చూసి కలిపితే ఇంకేమైనా ఉందా?

సరే, ఇక్కడే కొందామని షాపుకెళ్లాను. అదే నేను చేసిన తప్పు. ముందు చూడాల్సింది షాపు కాదు, మా ఇంటి స్లాబు.

ఆ ముక్క చెప్పింది మా ఎలక్ట్రీషియన్. 1988లో నాన్న ఈ ఇల్లు కట్టించేటప్పుడు పదిహేడేళ్ల కుర్రాడిగా హెల్పరు పనికి వచ్చాడు. ఇప్పుడు ఆయన కింద నలుగురు పనిచేస్తున్నారు. "ఏం కొన్నారన్నది తర్వాతండి, పైపులో ఎన్ని తీగలున్నాయో చూద్దాం రండి" అని నిచ్చెన వేశాడు. ఫ్యాను పైన కప్పు కిందికి దింపి చూపించాడు. రెండే తీగలు. ఫేజొకటి, న్యూట్రలొకటి. ఆ రోజుల్లో ఫ్యానుకి అంతకన్నా ఎవరూ లాగేవారు కాదు. ఫ్యానూ దీపమూ విడివిడిగా తగ్గాలంటే దీపానికి ఇంకో ఫేజు తీగ కావాలి. ఫ్యాను ఒళ్లు ఇనుము గనక పచ్చ రంగు ఎర్తు తీగ కూడా కావాలి. ఉన్నవి రెండు, కావాల్సినవి నాలుగు. గోడ మీద ఎంత ఖరీదైన పలక బిగించినా ఈ లెక్క మారదు.

దీనికి రిమోట్ దారి ఒకటుంది. ఫ్యాను కప్పులో చిన్న రిసీవర్ పెడితే ఆ రెండు తీగలతోనే గాలినీ వెలుగునీ వేరుచేస్తుంది. పని గంటలో అయిపోతుంది. కానీ చీకట్లో రిమోట్ ఎక్కడుంటుంది? దిండు కింద, మంచం సందులో, మనవడి చేతిలో. గోడ మీది మర మాత్రం ఎప్పుడూ గోడ మీదే ఉంటుంది. తీగలు లాగాలనే నిర్ణయించుకున్నాం.

లాగడం ఎలాగో దగ్గరుండి చూశాను. పాత తీగే కొత్త తీగలకు దారి. నాలుగు కొత్త తీగల కొసలు ఒలిచి, వరసగా ఒకదాని వెనక ఒకటి వచ్చేట్టు పాత తీగకు మెలేసి, పైన టేపు చుట్టాడు. ముడి ఉబ్బెత్తుగా ఉంటే పైపు వంపులో ఇరుక్కుంటుందట, అందుకని ముడి కలం మొనలా సన్నగా తేలేదాకా చుట్టాడు. మీద పౌడరు రాశాడు. పైన నిచ్చెన మీద కుర్రాడు అందిస్తుంటే కింద బోర్డు దగ్గర ఈయన లాగుతున్నాడు. "వదులు... వదులు... ఆపు." బిగిసింది. బలంగా గుంజుతాడనుకున్నాను. గుంజలేదు. వెనక్కి జానెడు పోనిచ్చి, తీగను వేళ్ల మధ్య కొద్దిగా తిప్పి, మళ్లీ లాగాడు. వచ్చింది. "అక్కడ దూలం పక్కన బెండు ఉందండి. నేనే పెట్టాను" అన్నాడు.

అన్నేళ్ల కిందట కాంక్రీటు కింద కప్పడిపోయిన వంపు ఆయనకు గుర్తుంది! మా ఇంటి పైపులకు పటం లేదు, ఫోటో లేదు. ఆయన తలలో ఉన్నదే పటం. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు చేతులు పట్టుకుని చెబుతాను, స్లాబు పోసే ముందురోజు సాయంత్రం పైకెక్కి పైపుల ఫోటోలు తీసి దాచుకోండి. ప్రతి ఫ్యాను పాయింటుకూ నాలుగు తీగలు ఇప్పుడే వేయించుకోండి. అప్పుడయ్యే ఖర్చు తీగ ఖరీదే.

పని మొదలుపెట్టక ముందు ఇంకో సంగతి జరిగింది. స్విచ్ కట్టేసి ఉంది. అయినా ఆయన టెస్టరు తీసి ఫ్యాను కనెక్టరు మీద ఆనించాడు. ఎర్రగా వెలిగింది. నా వీపు జలదరించింది. నాలుగు నెలల కిందట ఆ ఫ్యాను రెక్కలు నేనే తుడిచాను, స్విచ్ కట్టేశాను గదా అన్న ధైర్యంతో. విషయమేమిటంటే స్విచ్ ఫేజుని కాకుండా న్యూట్రల్‌ని తెంపుతోంది. ఫ్యాను ఆగుతుంది, కానీ దాని లోపల కరెంటు నిలిచే ఉంటుంది. "ఇది నేను చేసింది కాదండి, ఇన్వర్టరు పెట్టినప్పుడు ఎవరో తిప్పేసినట్టున్నారు" అన్నాడు. అప్పుడు మెయిన్ దగ్గర ఎంసీబీ దించి, మళ్లీ టెస్టరు ఆనించి చూసి, అప్పుడు ముట్టుకున్నాడు. దించాక కూడా చూడాలా అంటే, "దించింది ఈ గదిదేనని నాకెలా తెలుస్తుందండి?" అన్నాడు. తీగలన్నీ సరిచేసి, ఇన్నాళ్లూ లేని 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాడు. ఒంటి గుండా కరెంటు నేలకు పారితే కన్ను మూసి తెరిచేలోగా మెయిన్ తెంపేసేది అది. ఎంసీబీ ఆ పని చెయ్యదు.

ఇప్పుడు గోడ మీద పెట్టే మరల సంగతి. చాలామంది ఒకటే మరతో రెండూ అయిపోతాయనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఫ్యానుదీ దీపానిదీ స్వభావాలే వేరు.

చిన్నప్పుడు మా ఇంట్లో నల్లటి పెద్ద రెగ్యులేటర్ డబ్బా ఉండేది. ఒకటి మీద పెట్టి కాసేపయ్యాక చెయ్యి వేస్తే వెచ్చగా తగిలేది. లోపల తీగచుట్టలు ఫ్యానుకి పోవాల్సిన కరెంటును కొంత అడ్డుకుని వేడిగా మార్చేసేవి. గాలి తగ్గినంతగా బిల్లు తగ్గేది కాదు. తర్వాత ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు వచ్చాయి. మన కరెంటు సెకనుకు నూరుసార్లు సున్నాకు దిగి మళ్లీ లేస్తుంది. అలా లేచే ప్రతి అలలోనూ మొదట కొంత ముక్క కోసేసి మిగిలింది పంపడమే వాటి పని. దీపాలకు ఈ ఉపాయాన్ని ఇంట్లో గోడ మీదికి తెచ్చినవాడు న్యూయార్క్‌కు చెందిన జోయెల్ స్పైరా, 1959లో. దానిమీదే 1961లో లూట్రాన్ కంపెనీ పెట్టాడు. తమ్ముడింట్లో అమ్మ జరిపిన దీపం మీట వెనక ఉన్నది ఆ ఆలోచనే. ఫిలమెంటు బల్బుకు ఈ కోత అమృతం. తీగ ఎర్రగా కాగి ఉంటుంది గనక మధ్యలో ఆగినట్టే తెలియదు. ఫ్యాను మోటారు అలా కాదు. కోసిన అల దానికి కుదుపు. అందుకే దీపం డిమ్మర్ మీద ఫ్యాను పెడితే ఊఁ అని మూలుగుతుంది, వేడెక్కుతుంది.

ఫ్యానుకి సరైనది కండెన్సర్ రెగ్యులేటర్, షాపుల్లో స్టెప్ రెగ్యులేటర్ అంటారు. ఒకటి, రెండు, మూడు అని మెట్లు. మెట్టుకో కండెన్సర్ వరసలో చేరి ఫ్యానుకందే వోల్టేజీని తగ్గిస్తుంది. అల తెగదు, డబ్బా కాలదు, మూలుగు ఉండదు. అయిదో మెట్టు మీద అన్నీ పక్కకు తప్పుకుని కరెంటు నేరుగా పోతుంది.

దీపం దగ్గర నేను బాగా దెబ్బతిన్నాను. ఉజాలా పథకం 2015లో మొదలయ్యాక ఇంటింటికీ చేరిన 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి మా ఇంట్లోనూ ఉంది. డిమ్మర్‌కి అదే తగిలించి చూశాను. సగం తగ్గించేసరికి వణకడం మొదలుపెట్టింది, ఇంకాస్త తగ్గిస్తే టపటపా కొట్టుకుని ఆరిపోయింది. అమ్మ కళ్లు మూసుకుని, "ఉరుముల్లేని మెరుపులేంట్రా" అంది. తప్పు బల్బుది కాదు. దాని మెడలో చిన్న సర్క్యూట్ ఉంటుంది. ఎంత తక్కువ వోల్టేజీ వచ్చినా దీపాలకు ఒకే తీరున కరెంటు అందించాలని అది ప్రయత్నిస్తుంది. మనం తగ్గిస్తుంటే అది పెంచుతుంటుంది. డిమ్మర్‌తో తగ్గాలంటే బల్బు డబ్బా మీద 'డిమ్మబుల్' అని రాసి ఉండాలి. డిమ్మర్ డబ్బా మీద ఎల్‌ఈడీకి పనికొస్తుందని ఉండాలి. అది ఎన్ని వాట్లు మోస్తుందన్నది అందరూ చూస్తారు, కనీసం ఎన్ని వాట్లు ఉంటే పనిచేస్తుందన్నది ఎవరూ చూడరు. 60 వాట్లు, 100 వాట్ల బల్బుల కాలంనాటి డిమ్మర్‌కు 9 వాట్లు అసలు లోడే కాదు. రెండూ కొని, షాపులోనే కలిపి వెలిగించి చూసి తెచ్చుకోవడమే మంచిది. నేను మూడో షాపులో ఆ పని చేశాను. షాపాయన విసుక్కోలేదు.

తయారుగా ఎల్‌ఈడీ పళ్లెం బిగించి వచ్చే ఫ్యాన్లు చూడముచ్చటగానే ఉంటాయి. కానీ నేను చూసినవాటిలో చాలావరకు స్విచ్ వేసి తీస్తే తెలుపు, పసుపు మారడమే తప్ప వెలుగు తగ్గదు. కింద మామూలు బల్బు హోల్డరున్న ఫ్యాను వెతికి తెచ్చాను. బీఎల్‌డీసీ ఫ్యాను గురించీ ఆలోచించాను. మామూలు ఫ్యాను 75 వాట్లు తాగితే అది 30 వాట్ల దగ్గర సరిపెట్టుకుంటుంది, ఇన్వర్టర్ మీద ఎక్కువసేపు తిరుగుతుంది. నా గదికి అదే తెస్తాను. కానీ దాని తెలివంతా లోపలే ఉంటుంది. గోడ మీది మామూలు రెగ్యులేటర్‌తో దానికి సాధారణంగా పొసగదు. చాలావాటికి మళ్లీ రిమోటే దిక్కు. అమ్మ గదికి వద్దు.

దీపం ఫ్యాను కిందే ఉండాలని ఎందుకు పట్టుబట్టానంటే, పైన గోడకున్న దీపం వెలుగును రెక్కలు కోస్తుంటాయి, గదంతా నీడలు తిరుగుతుంటాయి. ఆపరేషన్ అయిన కళ్లకు అది నరకం. సీలింగ్ ఫ్యానుకి మొదట కరెంటు మోటారు బిగించిన ఫిలిప్ డీల్, ఆయన సింగర్ కుట్టుమిషన్ల కంపెనీ ఇంజనీరు, తర్వాత తనే దానికి దీపం కూడా తగిలించాడు. ఆ పద్ధతి ఎందుకు నిలిచిందో నాకిప్పుడు అర్థమైంది.

చివరికి మా పాత హైలం షీటు బోర్డు పోయింది. హైదరాబాద్‌లో బేకలైట్ హైలం కంపెనీ చేసిన షీట్ల పేరే మా ఇళ్లల్లో బోర్డుకు పేరైపోయింది. దాని స్థానంలో ఒకే ప్లేటు మీద స్టెప్ రెగ్యులేటర్, డిమ్మర్, రెండిటికీ విడివిడిగా స్విచ్‌లు వచ్చాయి. డిమ్మర్‌ని పూర్తిగా తగ్గించినా అందులోంచి కాస్త కరెంటు కారుతూనే ఉంటుంది, స్విచ్ వేరుగా ఉండి తీరాలి. డాలస్ పలకలాగే మాదీ చూడ్డానికి ఒకటి, లోపల రెండు. బోర్డును మంచం దగ్గరకు జరపాలంటే గోడ కొట్టాలి. అందుకని మంచాన్నే బోర్డు దగ్గరకు జరిపాం.

బిగించే ముందు ఆయన అమ్మను అడిగాడు, "అమ్మగారూ, దీపం ఎటు ఉండాలి?" అమ్మ మంచం మీద కూర్చుని కళ్లు మూసుకుని చెయ్యి చాపింది. చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడ దీపం మర పెట్టాడు, దాని అవతల ఫ్యానుది. రెండూ గుండ్రంగానే ఉన్నాయి గదా, పొరబడుతుందేమో అన్నాను. ఆవిడ రెండూ తిప్పి చూసింది. ఫ్యానుది టిక్కు టిక్కుమని మెట్టుమెట్టుకూ ఆగుతోంది, దీపానిది నెయ్యి రాసినట్టు జారుతోంది. "నా వేళ్లకు తెలుస్తుందిలే" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడున్నరకు అమ్మ గది తలుపు కింద సందులో సన్నటి పసుపు గీత కనిపించింది. మెల్లగా కొద్దికొద్దిగా చిక్కబడి, ఒకచోట ఆగింది. గోడకు చెయ్యి ఆనించుకుంటూ వెళ్లిన అడుగుల చప్పుడు, కాసేపటికి తిరిగొచ్చిన చప్పుడు. గీత మళ్లీ సన్నబడి మాయమైంది. తర్వాత ఫ్యాను, మూడు టిక్కులు.