వాకిట నిలిచిన పెద్ద కుమారుడు: రెండు ఉపమానాల తులనాత్మక పరిశీలన

లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని ఉపమానాన్నీ, సద్ధర్మపుండరీక సూత్రంలో ‘అధిముక్తి’ అనే నాల్గవ పరివర్తంలోని దరిద్ర పుత్రుని దృష్టాంతాన్నీ జంటగా చదవడం తులనాత్మక అధ్యయనంలో పాత అలవాటే. పుండరీక సూత్రానికి 1852లో బ్యూర్నూఫ్ ఫ్రెంచి అనువాదం, 1884లో కెర్న్ ఆంగ్లానువాదం వెలువడిన తరువాత ఈ పోలిక విస్తృతంగా చర్చకు వచ్చింది. అయితే చర్చ తరచుగా ఒకచోటనే ఆగిపోతుంది. రెండింటిలోనూ కుమారుడు ఇల్లు విడిచాడు, దారిద్ర్యం పాలయ్యాడు, కరుణామయుడైన తండ్రి తిరిగి చేర్చుకున్నాడు. కనుక రెండూ చెప్పేది ఒక్కటేనని నిర్ణయిస్తారు. ఈ నిర్ణయం రెండు గ్రంథాలకూ న్యాయం చేయదు. ఇద్దరు కుమారుల పునరాగమనాల్లో పోలిక పైపైనిది. గాఢమైన పోలిక కథలు ఎవరు ఎవరికి చెప్పారన్న విషయంలో ఉన్నది.

ముందుగా లూకా కథను చూద్దాం. చిన్న కుమారుడు తండ్రి బ్రతికి ఉండగానే తన భాగం అడిగి తీసుకొని, దూరదేశంలో దుర్వ్యయం చేసి, కరవు రాగా పందులు మేపే స్థితికి దిగజారుతాడు. అప్పుడు అతడు ‘తనలోకి తాను వచ్చాడు’ అన్న అర్థంలో గ్రీకు మూలం చెబుతుంది. తెలుగు బైబిలు దీనిని బుద్ధి రావడంగా అనువదించింది. బుద్ధి, బోధి, బుద్ధుడు అనే పదాలకు ధాతువు ఒక్కటే కనుక బౌద్ధ పాఠకునికి ఈ మాట ఆకర్షణీయంగా తోస్తుంది. కాని ఆ ఘట్టంలో అతనికి కలిగినది తత్త్వజ్ఞానం కాదు. ఆకలి వల్ల కలిగిన వివేకం. తండ్రి ఇంట కూలివారికి సైతం సమృద్ధిగా అన్నం ఉన్నదని అతనికి గుర్తుకు వచ్చింది. పరలోకానికీ తండ్రికీ విరోధంగా పాపం చేశానని, కుమారుడననిపించుకునే యోగ్యత లేదని, కూలివానిగానైనా ఉంచుకోమని చెప్పాలనుకొని మాటలు సిద్ధం చేసుకొని బయలుదేరాడు.

తండ్రి దూరం నుంచే చూసి పరుగెత్తి కౌగిలించుకుంటాడు. కుమారుడు పాపాన్ని ఒప్పుకుంటాడు. కాని కూలివానిగా పెట్టుకోమన్న చివరి అభ్యర్థన, ప్రామాణికంగా స్వీకరించిన పాఠంలో, అతని నోట వెలువడదు. ఆ లోపలే వస్త్రం, ఉంగరం, చెప్పులు, విందు వచ్చాయి. క్రైస్తవ వ్యాఖ్యాతలు కృప అని పిలిచేది ఇదే: యోగ్యతను లెక్కించకుండా ముందుగానే అందే ఆదరణ. గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. ఈ ఉపమానంలో కృప అన్న పదం గాని, క్షమించడం అన్న క్రియ గాని ఒక్కసారైనా రాదు. నిన్ను క్షమించాను అని తండ్రి అనడు. సిద్ధాంతం పేర్లు తరువాతి పాఠకులవి. కథలో ఉన్నది చర్య మాత్రమే.

పుండరీక సూత్రంలోని కథ నడక వేరు. బాల్యంలో తండ్రిని విడిచిన కుమారుడు యాభై ఏళ్ల దాకా దేశాలు తిరుగుతాడు. ఈలోగా వేరొక నగరంలో మహాధనికుడైన తండ్రి వాకిటికి తెలియకుండానే వస్తాడు. సింహాసనం మీద ఉన్న ఆయనను రాజో రాజతుల్యుడో అనుకొని భయపడి పారిపోతాడు. తండ్రి గుర్తుపట్టి మనుషులను పంపితే, తనను చంపుతారనుకొని మూర్ఛపోతాడు. అప్పుడు తండ్రి వానిని విడిచిపెట్టించి, ఉపాయం ఆలోచిస్తాడు. దీనవేషంలో ఇద్దరిని పంపి, రెట్టింపు కూలికి పెంటకుప్ప ఎత్తే పనిలో పెట్టిస్తాడు. తాను కూడా మాసిన బట్టలు కట్టుకొని వాని దగ్గరకు వెళ్తాడు. ఇరవై ఏళ్ల తరువాత ధనాగారం అప్పగిస్తాడు. అవసానకాలంలో బంధువుల, రాజు, పౌరుల సమక్షంలో ఇతడు నా కుమారుడని ప్రకటిస్తాడు.

ఇక్కడ పాపమన్న ప్రసక్తి లేదు. కుమారుడు దోషం ఒప్పుకోడు; ఒప్పుకోవలసిన దోషంగా సూత్రం అతని ప్రవాసాన్ని చిత్రించదు. అడ్డంకి అవిద్య: తానెవరో తనకు తెలియదు. అందువల్ల తండ్రి చేయవలసిన పని మన్నించడం కాదు, సత్యాన్ని భరించగల స్థితికి తీసుకురావడం. లూకా కథలో కుమారుడు కూలి అడగబోతే తండ్రి దానికి అవకాశమివ్వడు; సూత్రంలో తండ్రే కూలికి పిలుస్తాడు. తెలుగులో ‘క్షమ’ అన్న ఒకే మాటకు ఓర్పు, మన్నింపు అనే రెండు అర్థాలున్నందున ఈ భేదం మరుగున పడుతుంది. ఇరవై ఏళ్లు వేచి ఉన్న తండ్రిది ఓర్పు, పాలి సంప్రదాయం ‘ఖంతి’ అనేది. పరుగెత్తిన తండ్రిది మన్నింపు.

ఈ భేదాన్ని మరీ సాగదీసి, క్రైస్తవం కర్మఫలాన్ని రద్దు చేస్తుంది, బౌద్ధం చేయదు అని విభజించడం కూడా పొరపాటే. సామఞ్ఞఫల సుత్తంలో పితృహంతకుడైన అజాతశత్రువు తన అపరాధాన్ని ఒప్పుకుంటే బుద్ధుడు ఆ ఒప్పుకోలును స్వీకరిస్తాడు. అతడు వెళ్లిన తరువాత, తండ్రిని చంపి ఉండకపోతే ఆ ఆసనం మీదనే అతనికి ధర్మచక్షువు కలిగి ఉండేదని భిక్షువులతో అంటాడు. ఒప్పుకోలుకు విలువ ఉన్నది, కాని జరిగినది జరగనట్లు కాదు. లూకా కథ కూడా ఖర్చయిన ఆస్తిని తిరిగి పుట్టించదు. నాకున్నదంతా నీదే అని తండ్రి పెద్ద కుమారునితో అంటాడు. చిన్నవాడు పొందినది ఆస్తి కాదు, కుమారత్వం.

ఈ పెద్ద కుమారుడే ఉపమానానికి అసలు గురి. 15వ అధ్యాయం ఆరంభంలో సుంకరులు, పాపులు యేసు దగ్గరకు వస్తుంటే పరిసయ్యులు, శాస్త్రులు సణుగుతారు. ఆ సణుగుకు సమాధానంగా ఈ కథ వచ్చింది. పొలం నుంచి వచ్చిన పెద్ద కుమారుడు విందు శబ్దం విని ఇంట్లోకి రానంటాడు. ఇన్నేళ్లు దాసునిలా సేవ చేశానని, మేకపిల్లనైనా ఇవ్వలేదని నిష్ఠూరమాడతాడు. తమ్ముణ్ణి ‘నీ కొడుకు’ అంటాడు. తండ్రి ‘నీ తమ్ముడు’ అని సరిచేస్తాడు. అతడు లోపలికి వెళ్లాడో లేదో లూకా చెప్పడు. నియమం తప్పనివాని కష్టం అది: తన శీలాన్నే జీతానికి చేసిన పనిగా లెక్కించుకొని, ఇతరుని మేలును తన నష్టంగా చూడడం. బౌద్ధ పరిభాషలో అతనికి కొరవడినది ముదిత.

పుండరీక కథలో పెద్ద కుమారుడు లేడు. అయితే ఆ కథ చెప్పినవారు సుభూతి, మహాకాత్యాయనుడు, మహాకాశ్యపుడు, మహామౌద్గల్యాయనుడు. వారు సంఘంలో జ్యేష్ఠులు, వృద్ధులు. శారిపుత్రునికి బుద్ధత్వ వ్యాకరణం లభించడం చూసి ఆశ్చర్యానందాలు పొంది, తమ గురించి తామే ఈ దృష్టాంతం బుద్ధునికి చెబుతారు. నిర్వాణం పొందామని తృప్తిపడి, అనుత్తర సంబోధిని కోరనే లేదని, దినకూలితో సంతోషించిన ఆ దరిద్రుడు తామేనని అంటారు. ఈ కథనానికి మహాయాన వాదదృష్టి ఉన్నదన్నది స్పష్టమే. శ్రావకయానాన్ని కూలిపనితో పోల్చడాన్ని థేరవాద పాఠకుడు అంగీకరించనక్కరలేదు. అయినా నిర్మాణం గమనార్హం. పెద్ద కుమారుని స్థానంలో ఉండదగిన వారు చిన్న కుమారుని స్థానాన్ని కోరి తీసుకున్నారు.

కాబట్టి రెండు గ్రంథాలూ సీనియర్ శ్రోత ఎదుట ఒకే ప్రశ్న పెడతాయి. యేసు ఆ ప్రశ్నను సణుగుతున్నవారికి బయటి నుంచి వేసి, జవాబు వారికే విడిచిపెట్టాడు. పుండరీకంలో జ్యేష్ఠులే దానిని తమకు వేసుకొని జవాబు చెప్పారు. పాపం, అవిద్య, మన్నింపు, ఉపాయం, ఈ జంటలు ఒకదానికొకటి పర్యాయాలు కావు, తెలుగు పదాల సామ్యాన్ని నమ్మి అలా అనువదించకూడదు. కాని ఏళ్ల తరబడి నియమం పాటించిన వ్యక్తి, నిన్న వచ్చినవాని ఎదుట ఏ స్థానంలో నిలబడతాడన్న ప్రశ్న మఠానికీ విహారానికీ సమానంగా వర్తిస్తుంది. రెండు ఉపమానాలను జంటగా చదవడానికి తగిన కారణం అదే.