సమాచారం – వ్యంజన: షానన్, మమ్మటుల వెలుగులో ఒక పరిశీలన

కవి, కావ్యం, సహృదయుడు అనే త్రయాన్ని ప్రేషకుడు, సందేశం, గ్రాహకుడు అనే పటంతో సమన్వయించటం ఆధునిక విమర్శలో పరిపాటి అయింది. ఈ పటానికి ప్రధాన మూలం క్లాడ్ షానన్ 1948లో బెల్ సంస్థ సాంకేతిక పత్రికలో ప్రకటించిన గణిత సిద్ధాంతం. సందేశాల అర్థానికీ తాను చేపట్టిన ఇంజనీరింగ్ సమస్యకూ సంబంధం లేదని షానన్ ఆ వ్యాసారంభంలోనే స్పష్టం చేశాడు. అర్థాన్ని బుద్ధిపూర్వకంగా పక్కనపెట్టి గీసిన పటంతో కావ్యార్థాన్ని వివరించబూనటం ఎంతవరకు సమంజసం?

షానన్ దృష్టిలో సమాచారం అంటే సాధ్యమైన సందేశాల సమూహం నుంచి ఒకటి ఎంపిక కావటం వల్ల తొలగే అనిశ్చితి. బొమ్మా బొరుసూ సమానంగా పడే నాణెం ఫలితం తెలిస్తే అందేది 1 బిట్. తప్పక వస్తుందని ముందే తెలిసిన సందేశంలో సమాచారం సున్న. ఇక్కడ ‘సమాచారం’ అన్న అనువాదమే కొంత పక్కదారి పట్టిస్తుంది. తెలుగులో ఆ మాట వినగానే వార్త, విశేషం స్ఫురిస్తాయి. షానన్ కొలిచినది వీటిలో ఏదీ కాదు.

కావ్యప్రకాశం పంచమోల్లాసంలో మమ్మటుడు ఇచ్చిన ఒక ఉదాహరణను దీని పక్కన ఉంచి చూడాలి. ‘ప్రొద్దు గుంకింది’ అన్న మాట అది. పశువుల కాపరికి ఆలమందను ఇంటికి మళ్లించాలని, వర్తకునికి సరుకు సర్దుకోవాలని, అనుష్ఠానపరునికి సంధ్యావిధికి వేళయిందని, అభిసారికకు బయలుదేరాలని దాని అర్థం. అందరూ ఆకాశం కింద నిలబడి ఎదురుగా చూస్తున్న విషయమే కనుక షానన్ కొలతలో ఆ వాక్యానికి దక్కేది దాదాపు సున్న. వాచ్యం అందరికీ ఒక్కటే, అందరికీ తెలిసినదే. అయినా ఒక్కొక్కరు ఒక్కొక్క పనికి కదులుతున్నారు.

దీనికి షానన్ పక్షాన ఒక సమాధానం చెప్పవచ్చు. ఒక్కొక్క శ్రోతకు సాధ్యతల సమూహం వేరు. కాపరికి అది ‘మందను మళ్లించాలా, మేపాలా’ అన్న ద్వంద్వం కనుక అతనికి సున్న కాదు, ఒక బిట్ వరకు అందవచ్చు. ఆక్షేపణ బలమైనదే. కాని ఆ సిద్ధాంతంలో సాధ్యతల సమూహం, సంకేత నియమం ప్రసారానికి ముందే ఇరువైపులా నిర్ణీతమై ఉండాలి. వ్యంజనలో ఈ మాట ఏ సమూహానికి చెందిందో తేల్చుకోవటమే శ్రోత చేసే మొదటి పని. అందుకు వక్త, బోద్ధవ్యుడు, కాకువు, ప్రస్తావం, దేశకాలాలు ఆధారమని తృతీయోల్లాసం చెబుతుంది. పైగా ఈ వ్యంగ్యార్థాలకు అవధి లేదని మమ్మటుని మాట. అవధి లేని సమూహానికి సంభావ్యతలను ముందుగా పంచిపెట్టటం ఎలాగో గణితం చెప్పదు.

అందుచేత తప్పు షానన్‌ది కాదు. తంతివార్త పెళ్లి కబురైనా చావు కబురైనా తంతికి ఒక్కటే కావాలి. లేకుంటే ఆ శాస్త్రమే లేదు. చిక్కు 1949లో ఆ సిద్ధాంతానికి విస్తృత వ్యాఖ్యానం రాసిన వారెన్ వీవర్‌తో మొదలవుతుంది. యంత్ర గ్రాహకం తరువాత ‘అర్థగ్రాహకం’ అనే మరొక గడిని చేర్చవచ్చని ఆయన సూచించాడు. అంటే అర్థం రెండవసారి చేసే సంకేత విమోచనం అన్నమాట. మన విమర్శకులు సహృదయుణ్ణి కూర్చోబెడుతున్నది ఆ అదనపు గడిలోనే. అక్కడ అతనికి మిగిలే పని కవి మూటగట్టి పంపినదాన్ని విప్పుకోవటం. రొద ఉంటే తప్పుగా విప్పుకోవటం. కాపరి, వర్తకుడు భిన్నంగా గ్రహించటం రొద వల్ల కాదు, ఇద్దరిలో ఎవరూ పొరబడలేదు.

వీవర్ పక్షానికి మన సంప్రదాయంలోనూ ఒక బంధువు ఉన్నాడు. వ్యంజన వేరే వ్యాపారం కాదు, అనుమానమే అన్న మహిమభట్టు. కాని అనుమానానికి వ్యాప్తి కావాలి. ప్రొద్దు గుంకటానికీ సరుకు సర్దటానికీ మధ్య తప్పని సంబంధం ఏది? హేతువు అనైకాంతికమని మమ్మటుడు పంచమోల్లాసం చివర ఈ వాదాన్ని తోసిపుచ్చాడు. వ్యాప్తి స్థానంలో సంభావ్యతను నిలిపి మహిమభట్టు వాదాన్ని తిరిగి నిర్మించవచ్చునేమో. అలా నిర్మించేవారు ముందుగా కాపరి ఎదుట ఏయే సాధ్యతలున్నాయో లెక్క చూపవలసి ఉంటుంది.