ఒడ్డెక్కిన పడవ

గత శనివారము ప్రాతఃకాలమున షికాగో నగరమధ్యమునందు, నదిపై వంతెనలు ఒకదాని తరువాత నొకటిగా నడిమికి విచ్చి రెండు రెక్కలను మీదికెత్తుచుండగా, తెరచాపలు విప్పివేసి కొయ్యలను మాత్రము నిలువుగా నిలుపుకొనిన పడవలు వరుసదీరి మిచిగాన్ సరస్సునుండి నదివెంట లోతట్టుననున్న పడవల దొడ్లకు తరలిపోవుట చూచితిని. వంతెన లేచి దిగునంతవరకు ఇరువైపుల మోటారులును పాదచారులును నిలిచిపోయిరి. క్షణమాత్రమైన నాగుట యెరుగని యీ మహానగరము ఒక పడవకు దారి యిచ్చుటకై యాగుట నాకు పరమానందము గూర్చినది. శరత్తున గట్టెక్కుటకును వసంతమున మరల నీట దిగుటకును బుధ శనివారములందు ఈ ప్రయాణము జరుగునని మా అల్లుడు చెప్పెను. అక్టోబరు 31తో సరస్సులోని రేవులకు ఆ యేటి గడువు తీరును. పిదప మంచుదే రాజ్యము.

ఆ యానందము మరునాటికి నిలువలేదు. ఆదివారమునాడు అల్లుని వెంట ఒక దొడ్డికి పోయి చూతును గదా, నిన్న నదిపై అంత ఠీవిగా సాగిన నావలే ఇనుప ఊతల నడుమ, తలనుండి అడుగుదాక తెల్లని ప్లాస్టికు పొర బిగించుకొని, ఏది యెవరిదో గుర్తింపరాకుండ బారులుగా నిలిచియున్నవి. ఈ శీర్షికను చిరకాలముగా చదువుచున్నవారికి నా పట్టు తెలిసినదే: తోడని నూయి చెడును, మీటని వీణ మూగవోవును, వస్తువునకు వాడుకయే యాయువు, దాపరికమే తెగులు. మా పెదతల్లి భోషాణములో భద్రముగా దాచిన పట్టుచీర మడతల వెంబడి చిరిగిపోయిన కథ నిచట నెన్నిసార్లో చెప్పియుంటిని. ఆ దొడ్డిలో నాకు మొదట తోచినది ఆ చీరయే.

దొడ్డి పనివాడు మాత్రము ఓపికతో సర్వమును వివరించెను. నీరు గడ్డకట్టునపుడు పరిమాణమున నూటికి సుమారు 9 వంతులు పెరుగును. కావున యంత్రమునందుగాని గొట్టములందుగాని మిగిలిన గిన్నెడు నీరు ఇనుమునైనను పగుల్పగలదు. అందుచే ఆ నీటిని తోడివేసి, సులభముగా గడ్డకట్టని గులాబివన్నె ద్రవము నొకదానిని గొట్టముల నిండ నడిపింతురు. పడవ బరువంతయు అడుగునున్న లోహపు దిమ్మమీదుగా కొయ్యదుంగలపైకి దిగవలెను. చుట్టునున్న ఊతలు ఒరగనీయకుండుటకేగాని మోయుటకు గావు. వానిపై భారము పడినచో పడవ పొట్ట లోనికి నొక్కుకొనిపోవును. ప్లాస్టికు పొరయందు సైతము గాలి యాడుటకు దారులు విడువకున్న, వసంతమునాటికి లోపలంతయు బూజే మిగులును. ఇది యంతయు వినుచుంటినేగాని నా మనస్సు భీమునిపట్నమున కెప్పుడో పోయినది.

గోస్తని సముద్రమున గలియు ఆ యూర, మా నాయనగారి యుద్యోగము కారణముగా, నా బాల్యమున నాలుగేండ్లు గడచినవి. తెల్లవారకమునుపే నేలగాలి నందుకొని పోయిన తెప్పలు, ప్రొద్దు వాలుచుండగా కడలిగాలి నందుకొని, చివరి కెరటముమీదుగా ఇసుకపైకి జారివచ్చెడివి. చేపలు స్త్రీల గంపలలోనికి మారుచుండగనే పురుషులు కట్లు విప్పుటకు మొదలిడెడివారు. క్షణము క్రిందటివరకు సముద్రమును దాటివచ్చిన నావ చూచుచుండగనే నాలుగైదు దుంగలుగా మారిపోయెడిది. ఆ దుంగలను మెరకకు చేర్చి, ఒకదానికొకటి తగులకుండ ఎడముగా పరచెడివారు. నేను తాతా యని పిలుచు ముసలి జాలరి యొకడుండెను. “రేపు మళ్లీ కట్టాలి కదా తాతా, ఇప్పుడెందుకు విప్పడం?” అని యొకనాడు అడిగితిని. “ఎండ కాగనీ బాబూ. నీరు దిగకపోతే రేపు మాను తేలదు” అనెను.

తేలికయైన ఆ మాను దినదినము నీటిని త్రాగి బరువెక్కును. సముద్రములో కొయ్యను తొలిచెడు పురుగు ఎండినచోట బ్రతుకలేదు. రెండిటికిని మందు ఎండయే. అంతటి శాస్త్రమును ఆ తాత నాలుగు త్రాళ్లు విప్పుటలో ఇమిడించుకొనగా, ఇచట ఇన్ని ఊతలు, ఇన్ని ద్రవములు, ఇంత ప్లాస్టికు ఏలయని విసుగుచెంది, మన తెప్పను మెచ్చుకొనుచు ఈ వారపు వ్యాసమును ముగింపదలచితిని.

కాని దొడ్డి చివర పాతకొట్టు ఒకటి యుండెను. అందొక వృద్ధుడు, నాకంటె నాలుగైదేండ్లు పెద్దవాడు కావచ్చును, పూర్తిగా కొయ్యతో కట్టిన తన పడవకు ప్లాస్టికు తొడుగక, పలకలను చేతితో తడిమి చూచుకొనుచుండెను. ఆ కొట్టులో వెచ్చదనమునకు ఏర్పాటు లేదు. నేల సిమెంటు గాదు, వట్టి మన్ను. ఏలయని యడుగగా, తాను భయపడునది చలికిగాదు, పొడికియని చెప్పెను. గాలి మిక్కిలి పొడిగా నున్నచో పలకలు కుంచించుకొని సందులు విచ్చును. మన్ను విడిచెడు కొలది తేమయే వానిని పట్టి యుంచునది. ఎంత కాపాడినను కొంత విచ్చకమానవు. కావున వసంతమున పడవను పట్టీలతో దించి, నీట తేలనిచ్చియు పట్టీలు విడువక, రాత్రియెల్ల అట్లే వ్రేలాడదీయుదురట. సందులగుండ నీరు లోనికి వచ్చుచుండును, పంపు తోడుచుండును, పలకలు నీరు త్రాగి ఉబ్బి, క్రమముగా ఒకదానినొకటి ఒరసికొని, సందులను తామే మూసికొనును.

ఆ తాత మానునుండి నీటిని దింపుటకు శ్రమించెను. ఈతడు మానులో కొంత నీటిని నిలుపుటకు శ్రమించుచున్నాడు. నేను దాపరికమని తూలనాడినది ఇదియే యైనచో, పెదతల్లి చీర విషయమున ఇన్నేండ్లు నేను వ్రాసినది పొరపాటు. ఆ చీర దాచుటవలన చిరుగలేదు. ఏటికొకసారి భోషాణము తెరచి, చీర నీడపట్టున ఆరవేసి, మడత మార్చి పెట్టువారు ఆ యింట లేకపోవుటవలన చిరిగినది. ఆమె కన్నుమూసిన తరువాత ఆ తాళపుచెవి మా యింటనే యుండెను.

పోయినసారి భీమిలికి వెళ్లినపుడు ఇసుకపై ఫైబరు తెప్పలే కనబడినవి. వానికి విప్పవలసిన కట్లు లేవు. సాయంకాలము వానిచెంత ఎవరును లేరు.

మే నెల మొదట ఇచటి రేవులు తెరతురు. అప్పటికి నేను మన యూర నుందును. పడవను నీట దించిన రాత్రి ఆ వృద్ధుడు కుర్చీ వేసికొని ప్రక్కనే కూర్చుండునట. “ఆ రాత్రి నువ్వూ వెళ్లి ఆయన దగ్గర కూర్చో నాయనా, లోపలికి నీరు రావడం ఎన్ని గంటలకు ఆగిందో నాకు రాయి” అని అల్లునితో చెప్పి వచ్చితిని.